చిత్తడి మడికి తూమూ ఉండాలి, కలుజూ ఉండాలి

సంపాదకులకు నమస్కారములు.

అయ్యా,

ఇంటి ఆవరణలో చిత్తడి మడి కట్టి, తేమను కోరే మొక్కలను అందులో పెంచుకోవడం గురించి మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. మొక్కల ఎంపిక గురించి, మట్టి మిశ్రమం గురించి అందులో చెప్పిన విషయాలతో నాకు పేచీ లేదు. అయితే మేడ మీద కురిసిన వాన నీటినంతా ఆ మడిలోకి మళ్లిస్తే సరిపోతుందన్న వాక్యంతో మాత్రం ఏకీభవించలేను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వాన కురిసే తీరు తెలిసినవారెవరూ ఆ మాటను అంతటితో వదిలిపెట్టరు. నీటిపారుదల శాఖలో చెరువుల పనులు చూసి పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి, మడిలోకి వచ్చే నీటి గురించి, అంతకన్నా ముఖ్యంగా మడి నుంచి బయటకు పోవలసిన నీటి గురించి, అంటే మిగులు నీరు పైనుంచి పొర్లిపోయే కలుజు గురించి, అడుగు నుంచి నీటిని వదిలే తూము గురించి నాలుగు మాటలు రాయడానికి అనుమతించగలరు.

నెల్లూరు ప్రాంతంలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే కురుస్తుంది. అది కూడా రోజుకు కొంచెం చొప్పున పంచుకుని కురవదు. స్వాతి, విశాఖ కార్తెల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే రెండు మూడు రోజుల్లో కుండపోతగా పడి, ఆ తరువాత వారం దాకా మబ్బు మొహం కనిపించకపోవచ్చు. 2015 నవంబరులోనూ, పెన్నా పొంగిన 2021 నవంబరులోనూ ఈ సంగతి అందరికీ అనుభవమే. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. నెల్లూరు లెక్కలో అంకణం 72 చదరపు అడుగులు కనుక, 15 అంకణాల మేడ అంటే 1,080 చదరపు అడుగులు, అంటే ఇంచుమించు 100 చదరపు మీటర్లు. దాని మీద ఒక్కరోజులో 100 మిల్లీమీటర్ల వాన పడితే 10,000 లీటర్లు. సిమెంటు పీల్చుకున్నది, అటూ ఇటూ చిందిపోయినది తీసివేసినా పైపుల గుండా దిగేది 8,000 లీటర్లకు తగ్గదు.

మరి మడి ఎంత పట్టగలదు? రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ఒకటిన్నర అడుగుల లోతున్న మడి మొత్తం పరిమాణమే 1,800 లీటర్లు. అందులో ఇసుక, కొబ్బరి పొట్టు నిండిపోగా నీరు నిలవడానికి మిగిలే సందు మూడో వంతో, అంతకు కాస్త ఎక్కువో ఉంటుంది. అంటే 600 నుంచి 700 లీటర్లు, అది కూడా మడి పూర్తిగా ఎండి ఉన్నప్పుడు. నవంబరు నాటికి చిత్తడి మడి ఎండి ఉండదు. ఉంటే అది చిత్తడి మడే కాదు. కాబట్టి తుఫాను రోజున వచ్చే 8,000 లీటర్లలో దాదాపు ప్రతి లీటరుకూ బయటకు దారి చూపించవలసిందే. గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున జడివాన పట్టినప్పుడు అదే మేడ మీద నుంచి పది పదకొండు సెకన్లకు ఒక పెద్ద బిందెడు నీరు దిగుతుంది. అంత ధారను మడిలోకి వదిలి, గట్టు మీద నుంచి ఎక్కడ పొర్లితే అక్కడ పొర్లనిస్తే మొక్కలతో పాటు గట్టు, గట్టుతో పాటు ఇంటి గోడ పక్కనున్న మట్టి కూడా కోసుకుపోతాయి.

చెరువు పనిలో కలుజు మట్టం తేల్చిన తరువాతే కట్ట ఎత్తు లెక్క కడతారు. ఇంటి మడికి కూడా ఇదే వరుస పాటించాలని నా అభిప్రాయం. ముందుగా మిగులు నీరు ఎటు పోవాలో, ఏ మట్టంలో పోవాలో గుర్తు పెట్టుకుని, దానికి తగ్గట్టుగా మడిని ఎక్కడ తవ్వాలో నిర్ణయించుకోవాలి. చాలామంది మడిని అందంగా కట్టుకుని, మొక్కలు పెట్టుకుని, మొదటి వాయుగుండం వచ్చినప్పుడు పలుగు పట్టుకుని గట్టుకు గండి కొడుతుంటారు. కలుజు నోరు మడి అంచు కన్నా కనీసం రెండంగుళాలు దిగువన ఉండాలి. దాని వెడల్పు, లేదా అక్కడ పెట్టే పైపు సైజు, నీరు తెచ్చే పైపు కన్నా ఏ మాత్రం చిన్నది కాకూడదు. నాలుగంగుళాల పైపుతో నీరు తెచ్చి రెండంగుళాల పైపుతో పంపేవారిని నేను చూశాను. ఆకులు పేరుకున్న తరువాత ఆ రెండంగుళాలు ఒకటిన్నరైపోతుంది. కలుజు మట్టం ఇంటి బేస్‌మెంటు మట్టానికి బాగా దిగువన ఉండాలి, మడి ఇంటి గోడకు పది అడుగుల దూరంలోనైనా ఉండాలి. అక్కడి నుంచి నీరు ముందుగా ఇంకుడు గుంతలోకి, గుంత నిండాక వీధి కాలువలోకి పోవాలి. పక్కింటివారి ప్రహరీ కింద నుంచి మాత్రం కాదు. వానాకాలంలో ఇరుగుపొరుగు మధ్య వచ్చే తగాదాల్లో సగం ఈ నీటి దగ్గరే మొదలవుతాయని చెబితే అతిశయోక్తి కాదు.

ఇక తూము సంగతి. మీ వ్యాసంలో దీని ప్రస్తావనే లేదు, నా దృష్టిలో ఇది కలుజు కన్నా ముఖ్యమైనది. సహజమైన చిత్తడి నేలల్లో కేవలం వాన మీదే బతికేవి ఉన్నాయి. అక్కడి నీటిలో లవణాలు అతి తక్కువ, నేలలో సారం తక్కువ, ఆమ్లగుణం ఎక్కువ. అలాంటి చోట నేల నుంచి నత్రజని చాలినంత దొరకకే కొన్ని మొక్కలు పురుగులను పట్టి తినడం అలవరచుకున్నాయి. ఇలాంటి మొక్కలకు పోసే నీటిలో టీడీఎస్, అంటే లీటరు నీటిలో కరిగి ఉన్న లవణాలు మిల్లీగ్రాముల లెక్కన, 50 దాటకూడదని పెంచేవారు చెబుతారు. మన తీర మండలాల్లో బోరు నీటి టీడీఎస్ వెయ్యి దాటడం అరుదేమీ కాదు. కనిగిరి ప్రాంతపు నీటిలో ఫ్లోరైడు గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. ఎండాకాలంలో పడమటి గాలి కొట్టేటప్పుడు, నాలుగు చదరపు మీటర్ల మడి నుంచి రోజుకు 8 మిల్లీమీటర్ల చొప్పున ఆవిరైపోతుందనుకుంటే, ఆ లోటు పూడ్చడానికి 32 లీటర్లు, అంటే రెండు బిందెల నీరు కావాలి. లీటరుకు ఒక గ్రాము లవణం ఉన్న బోరు నీటిని ఆ లెక్కన పోస్తే, ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు నెలల్లో మూడు కిలోలకు దగ్గరగా లవణం మడిలో చేరుతుంది. నీరు ఆవిరవుతుంది గాని ఉప్పు ఎక్కడికీ పోదు. కింద టార్పాలిన్ పరిచి ఉంటుంది కనుక భూమిలోకి ఇంకే దారి కూడా దానికి లేదు.

ఆ ఉప్పును కడిగేది నవంబరు వానే. కలుజు ఒక్కటే ఉన్న మడిలో వాన నీరు పైపైన వచ్చి పైపైనే పోతుంది, అడుగున పేరుకున్న లవణం అక్కడే ఉండిపోతుంది. అందువల్ల మడి అడుగు మట్టంలో, టార్పాలిన్‌ను చీల్చకుండా రబ్బరు వాషరు, చెక్‌నట్టు బిగించి, ఒక అంగుళం పైపును బయటకు తీసి దానికి బిరడా పెట్టాలి. పైపు లోపలి నోటికి దోమతెర జాలి చుట్టి, చుట్టూ గులకరాళ్లు పోస్తే పొట్టు దాంట్లోకి చేరదు. అక్టోబరులో మొదటి గట్టి వాన పడే ముందు ఆ బిరడా తీసివేయాలి. వాన నీరు మట్టి గుండా దిగి, ఉప్పును వెంటబెట్టుకుని తూము ద్వారా పోతుంది. మడి పట్టే నీటికి పదింతల నీరు ఒక్క తుఫానులోనే వస్తుందని పైన లెక్క వేశాం కదా, అందులో సగం ఈ దారిన పోయినా మడి శుభ్రపడుతుంది. కాలం చివర, డిసెంబరు రెండో సగంలో, బిరడా తిరిగి బిగించి ఆఖరి వానను పట్టి ఉంచుకోవాలి. సంక్రాంతి దాకా తీరిక చూసుకుందామంటే అప్పటికి వాన మిగలదు. వరద నీరు కేవలం వదిలించుకోవలసిన పీడ అనే అభిప్రాయం నాకు లేదు. మడికి ఏడాదికి ఒకసారి దొరికే ఉచిత స్నానం అది.

వేసవిలో పోయడానికి నీరు ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది. మేడ నీటిని సంపులో పట్టి ఉంచుకోగలిగినవారు అదృష్టవంతులు. లేనివారికి ఏసీ నుంచి కారే నీరు బాగా పనికివస్తుంది. గాలిలోని తేమ చల్లబడి ఏర్పడిన నీరు కనుక అందులో లవణాలు నామమాత్రమే. ఆర్వో మిషను వదిలే వృథా నీరు మాత్రం బోరు నీటి కన్నా చెడ్డది, దాన్ని మడి దరిదాపులకు రానివ్వకూడదు. వాషింగ్ మెషీను నీటికీ ఇదే మాట వర్తిస్తుంది. మన పాత ఇళ్లలో జలదారి నీరు అరటికీ, చేమకూ, మెట్టతామరకూ పారేది. అవి సబ్బు నీటినీ, సారాన్నీ తట్టుకుంటాయి. ఆ ఏర్పాటు ఆ ఏర్పాటుగానే ఉండనివ్వాలి. రెండింటినీ కలపకూడదు.

మేడ నీరు కూడా మొదటి నుంచీ పరిశుభ్రమైనది కాదు. ఎండాకాలమంతా పేరుకున్న దుమ్ము, పావురాల రెట్ట, వేపాకు, మేడ మీద ఆరబెట్టిన మిరపకాయల గింజలు కలిసి మొదటి వానకు గోధుమ రంగు నీరు దిగుతుంది. అందులో నత్రజని దండిగా ఉంటుంది. దాన్ని వేరు చేయడానికి బజారులో దొరికే ఏర్పాటు ఏమిటంటే, దిగే పైపుకు పక్కన ఒక నిలువు పైపు ముక్క తగిలించి కింద మూత పెట్టడం. అది నిండాకే నీరు ముందుకు పోతుందంటారు. వంద చదరపు మీటర్ల మేడను మొదటి మిల్లీమీటరు వాన కడిగితేనే వంద లీటర్లు వస్తాయి. నాలుగంగుళాల పైపు మీటరు పొడవున పట్టేది ఇంచుమించు ఎనిమిది లీటర్లే. కాబట్టి ఆ ముక్క అలంకారం కిందే లెక్క. పైపు చివర చేత్తో తిప్పగలిగే బెండు ఒకటి, జిగురు పూయకుండా, పెట్టుకుంటే చాలు. వాన మొదలైనప్పుడు దాని మూతి వీధి కాలువ వైపు ఉంచి, దోసిట్లో పడితే నీరు తేటగా కనిపించినప్పుడు మడి వైపు తిప్పాలి. గొడుగు వేసుకుని బయటకు రావడానికి బద్ధకించేవారికి చిత్తడి మడి తగిన వ్యాపకం కాదని నా ఉద్దేశం. జడివాన బలపడినప్పుడు, మడి నిండిపోయిందనిపించినప్పుడు, అదే బెండును మళ్లీ కాలువ వైపుకు తిప్పవచ్చు. మేడ మీద నుంచి దిగే పైపులు మూడో నాలుగో ఉంటే ఒక్కదాన్నే మడికి కేటాయించి, మిగిలినవాటిని సంపుకూ ఇంకుడు గుంతకూ పంపడం ఉత్తమం.

నీరు మడిలో పడే చోటును దగ్గరగా చూస్తే మరికొన్ని సంగతులు తెలుస్తాయి. ధార నేరుగా మట్టి మీద పడితే అరగంటలో అక్కడ గుంత పడుతుంది. కొబ్బరి పొట్టు నీటి మీద తేలే గుణమున్నది కనుక, తెట్టులా పైకి లేచి, తిరుగుతూ తిరుగుతూ కలుజు దగ్గరకు చేరి దాని నోరు మూసేస్తుంది. మరుసటి రోజు ఉదయం చూస్తే సగం పొట్టు వీధిలో ఉంటుంది, సరస్వతి ఆకు మీద, నీటి సాంబ్రాణి మీద అంగుళం మందాన పొట్టు పరుచుకుని ఉంటుంది. ధార పడే చోట ఒక రాతి పలక వేసి చుట్టూ గులకరాళ్లు పేర్చి, మడి పైభాగమంతా అంగుళమో, ఒకటిన్నర అంగుళమో ముతక ఇసుక పరిస్తే ఈ బెడద తప్పుతుంది. రాతి పలక అనగానే అందరూ కడప బండ తెచ్చి వేస్తారు. కడప బండ సున్నపురాయి. ఆమ్లగుణమున్న నీటికి అది కొద్దికొద్దిగా కరుగుతుంది, మడికి కావలసిన గుణాన్ని చెడగొడుతుంది. ప్రకాశం జిల్లాలో ఉన్నవారికి చీమకుర్తి గ్రానైటు ముక్కలకు కరవు లేదు, అవి వేసుకోవాలి. ఇసుక విషయంలో కూడా జాగ్రత్త అవసరం. సముద్రపు ఒడ్డున దొరికే ఇసుకలో ఉప్పూ, గవ్వ ముక్కలూ ఉంటాయి, అది ఎంత ఊరికే వచ్చినా తేకూడదు. గూడూరు పరిసరాల సిలికా ఇసుక శ్రేష్ఠం. అది దొరకనప్పుడు బాగా కడిగిన ఏటి ఇసుక వాడవచ్చు. కొబ్బరి పొట్టును కూడా రెండు మూడు నీళ్లు మార్చి నానబెట్టి కడిగాకే వేయాలి, అందులో సహజంగానే లవణం ఉంటుంది.

పెరట్లో కూరగాయల పాదులకు వేసిన ఎరువు, రోడ్డు మీద వాహనాల నూనె వాన నీటిలో దొర్లి మడిలోకి రాకుండా, మడి అంచు చుట్టూ ఉన్న నేల కన్నా నాలుగంగుళాలు ఎత్తుగా ఉండాలి. పైపు ద్వారా మనం తెచ్చిన నీరు తప్ప మరే నీరూ అందులో అడుగు పెట్టకూడదు.

నేలను బట్టి కట్టుబడి మారుతుంది. నెల్లూరు పల్లపు లేఅవుట్లలో నవంబరులో రెండు మూడు అడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. అలాంటి చోట గొయ్యి తీసి టార్పాలిన్ పరిస్తే, కింది నుంచి ఊట నీరు తోసుకొచ్చి టార్పాలిన్ పొట్టలా ఉబ్బి మొక్కలను పైకెత్తుతుంది. అక్కడ మడిని నేల మీదనే, ఇటుకతో రెండడుగుల ఎత్తున కట్టుకోవడం మేలు. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో తడిసినప్పుడు నేల ఉబ్బుతుంది, ఎండినప్పుడు నెర్రెలిస్తుంది. గోడ దగ్గర అలాంటి నేల ఒకసారి తడవడం, ఒకసారి ఎండడం పునాదికి మంచిది కాదు కనుక, కలుజు నీటిని అక్కడ గుంతలో ఇంకించే ప్రయత్నం మాని, పైపులో దూరంగా పంపాలి. తీరానికి దూరంగా ఉన్న పడమటి మండలాల్లో వాన తక్కువ, నీరు నిలుపుకోవడమే ప్రధానం. కలుజు చిన్నదిగా ఉన్నా పరవాలేదు, తూము బిరడాను మాత్రం అక్టోబరులో ఒక మంచి వాన దాటగానే బిగించేయాలి.

దోమల గురించి ప్రతివారూ అడుగుతారు. సరిగ్గా కట్టిన చిత్తడి మడిలో నీరు ఇసుక పొర కింద ఉంటుంది, పైన నిలవదు. డెంగీ దోమ గుడ్డు పెట్టిన దగ్గర నుంచి రెక్కలు వచ్చేదాకా మన వాతావరణంలో వారం పది రోజులు పడుతుంది. వాన వెలిసిన రెండో రోజుకు మడి మీద నీరు కనిపించకుండా కలుజు మట్టం కుదిరితే దోమకు అక్కడ పనిలేదు. నీరు ఇంకా నిలిచి ఉంటే మందు చల్లడం కన్నా కలుజు మట్టాన్ని ఇసుక మట్టానికి దించడం సరైన మార్గం.

మొక్కల విషయంలో ఒక్క మాట. ఆన్‌లైనులో తెప్పించే వీనస్ ఫ్లైట్రాప్ అమెరికాలోని కరోలినాలది. దానికి ఏటా చలికాలపు విశ్రాంతి కావాలి, నెల్లూరులో అది దొరకదు. పురుగులను పట్టి తినే మొక్కే కావాలనుకుంటే మన దేశంలోనే తడి ఇసుక నేలల్లో సహజంగా మొలిచే డ్రోసెరా జాతులు ఉన్నాయి. తడి ఉన్నంతకాలం బతికి, ఎండలకు గింజ రాల్చిపోయే స్వభావం వాటిది కనుక, మన వాన తీరుకు అవే సరిపోతాయి. వాటిని అడవి నుంచి పెకిలించి తేవద్దని మాత్రం మనవి. వస, పొన్నగంటి, గుంటగలగర, తుంగ మొదలైనవి కాస్త ఉప్పునూ, కాస్త అశ్రద్ధనూ ఓర్చుకుంటాయి. స్థలం ఉన్నవారు కలుజు నీరు పోయే దారిలో కడప చెట్టు (బారింగ్టోనియా) నాటవచ్చు. ఒకప్పుడు మన జిల్లాలో ఉండి 2022లో తిరుపతి జిల్లాలో కలిసిన నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రంలో గూడబాతులు గూళ్లు కట్టేది ఆ చెట్ల మీదే. నెలల తరబడి నీటిలో నిలబడటం వాటికి అలవాటే.

ఇంటివారు ఎంత చేసినా వారి చేతిలో లేని సంగతి ఒకటుంది. పట్టణాల్లో సిమెంటు రోడ్డు మీద మళ్లీ సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా వీధి మట్టం పెరుగుతోంది, కాలువ మట్టం దానితో పాటు పెరుగుతోంది, ఇళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. కలుజు నీరు పల్లానికి పోవాలి గాని ఎత్తుకు ఎక్కదు. పాత రోడ్డును తవ్వి తీసివేశాకే కొత్తది వేయడాన్ని నియమంగా పెట్టుకుంటే, ఇంటింటా కట్టే ఇంకుడు గుంతలూ మడులూ పనిచేస్తాయి. అలాగే నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు చేసిన 2002 నాటి వాల్టా చట్టం వాన నీటి సంరక్షణకు పెద్దపీట వేసింది. ఇంటి ప్లానుకు అనుమతి ఇచ్చేటప్పుడు అన్ని చోట్లా ఒకే కొలత ఇంకుడు గుంతను అడగకుండా, నీరు పైకి ఊరే పల్లపు ప్రాంతాల్లో కలుజుతో కూడిన చిత్తడి మడిని, దాని పక్కన సంపును కూడా అంగీకరిస్తే బాగుంటుంది. నవంబరులో నిండా నీటితో ఉండే గుంతలోకి వాన నీటిని ఇంకించమనడం కాగితం మీద మాత్రమే కుదిరే పని.

మీ అనుబంధంలో ఈ అంశాన్ని మళ్లీ తీసుకునేటప్పుడు మడి అడ్డుకోత బొమ్మ ఒకటి, తూము, కలుజు, బేస్‌మెంటు మట్టాలు విడివిడిగా కనిపించేలా వేయించవలసిందిగా కోరుతున్నాను. మేస్త్రీలు రాతను చదవడం కన్నా బొమ్మను చూసి పని చేయడానికి ఇష్టపడతారు. అది సెప్టెంబరులోనే వస్తే, వానలకు ముందు పైపులు మార్చుకోవడానికి పాఠకులకు వ్యవధి ఉంటుంది.

ఇట్లు,
విశ్రాంత నీటిపారుదల ఉద్యోగి,
నెల్లూరు.